గుడ్డ కింద నాడి

నేను చేసిన బేరాల గురించి చెప్పుకోవడం నాకు భలే ఇష్టం, వినేవాళ్లకు అంత ఇష్టం ఉండదని తెలిసినా. ఆదోనిలో పుట్టి, అంగళ్ల మధ్య పెరిగి, వంకాయలు మొదలుకొని ఇంటి స్థలం దాకా చెప్పిన ధరకు కొన్న వస్తువంటూ ఇన్నేళ్లలో ఒక్కటీ ఎరగను. కానీ వాటన్నిటినీ తలదన్నే బేరం ఒకటుంది. ఇరవై ఏళ్లయినా నిండని రోజుల్లో, మద్రాసులో చదువుకొని వచ్చిన డాక్టరు ఒకాయన మోకాలి కింది నుంచి కాలు మొత్తం అడిగితే, అరగంటసేపు ఎదురుగా కూర్చొని మాట్లాడి, ఒక్క బొటనవేలికి బేరం తెగ్గొట్టిన ఘనుణ్ణి నేను. అంత తగ్గింపు మా బజారులో పుట్టినవాడెవడూ సాధించి ఉండడు.

ఈ ఘనకార్యం పోయిన నెల మళ్లీ గుర్తుకొచ్చింది. చక్కెర జబ్బు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అరికాళ్లు మొద్దుబారుతున్నాయి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. సరే చూపించుకుందామని ఆసుపత్రికి పోతే, చీటీ రాసే అమ్మాయి తోడు ఎవరొచ్చారు తాతా అని అడిగింది. ఎవరూ రాలేదంటే, ఆ గడిలో ఏదో ఒకటి రాయాలట. గుమాస్తా బయట ఉన్నాడని అబద్ధం చెప్పాను. నాకు గుమాస్తా లేక పదేళ్లయింది. లోపల చిన్న వయసు డాక్టరమ్మ నా పాదం మీద చల్లని జిగురు పూసి, కలం లాంటి పరికరం ఒకటి ఆనించింది. దాని డబ్బాలోంచి చప్పుడు వచ్చింది. మన ఈడువాళ్లకు చెబితే తెలుస్తుంది, దూది ఏకేవాడు వీధి మొదట్లో నిలబడి వింటినారిని మీటుతుంటే వీధి చివర ఇంట్లోకి వినిపించేదే, అచ్చం ఆ చప్పుడు. నా కాలిలో నెత్తురు పారే చప్పుడట అది. పాదం మీద బాగుంది, లోపలి మడమ గుబ్బ వెనక కొంచెం తక్కువగా ఉంది అందామె. మూడో రక్తనాళం సన్న ఎముక వెంబడి లోలోపల పోతుంది కదమ్మా, అది సులభంగా దొరకదు అన్నాను. ఆ పిల్ల కలం ఎత్తి పట్టుకొని, మీకెలా తెలుసు తాతా అంది. పత్తి వ్యాపారం చేశానమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

నన్ను పెంచింది మా చిన్నాయన. అమ్మా నాన్నా నాకు సరిగా ఊహ తెలియకముందే పోయారు. చిన్నాయన పెళ్లి చేసుకోలేదు. పత్తి మండీకి రెండు సందుల అవతల, బియ్యం అంగడి పైన మిద్దెగదిలో మేమిద్దరం మగవాళ్లం ఉండేవాళ్లం. పొద్దున ఆయన జొన్నరొట్టె కొడితే నేను పప్పు ఉడకేసేవాణ్ణి. ఆయనది దలాలీ పని. పత్తి బండ్లు వచ్చి ఆగితే, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ధర కుదర్చడం ఆయన వృత్తి. ఆ రోజుల్లో మండీలో ధర నోటితో చెప్పేవారు కాదు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పి, ఆ గుడ్డ కింద వేళ్లతో నొక్కి చెప్పేవారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చేయంతా పట్టుకుంటే అయిదు, ఊరికే పిడికిలి మూస్తే లేదు పో అని. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా, ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. మా చిన్నాయన వేళ్లకు మండీలో పేరుండేది. అవతలివాడు నొక్కిన నొక్కు చూసి, వీడు ఇంకా దిగుతాడా, ఇదే కడపటి మాటా అన్నది చెప్పేసేవాడు. నాకు ఆ విద్య ఇంట్లోనే నేర్పాడు, రాత్రికి ఏం వండాలన్నది కూడా గుడ్డ కిందే తేలేది. ఒకే ఒక్క కట్టడి పెట్టాడు. గుడ్డ పైన నోటితో ఎన్ని కథలైనా చెప్పుకోవచ్చు గాని, గుడ్డ కింద ఒకసారి నొక్కిన వేలు వెనక్కి తీసుకోకూడదు, తెలిసి తప్పు వేలు నొక్కకూడదు. అట్లా నొక్కినవాడి చేయి మండీలో మళ్లీ ఎవడూ పట్టుకోడు.

చిన్నాయన చేతిలో ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. పొద్దున విప్పిన కట్ట మధ్యాహ్నానికి అయిపోయేది.

మా తాలూకా బళ్లారి నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసిన ఒకటి రెండేళ్లకు అనుకుంటాను, చిన్నాయన నడకలో ఒక కొత్త అలవాటు కనిపించింది. బజారులో నూరడుగులు వేసేసరికి ఏదో ఒక అంగడి ముందు నిలబడి ధర అడిగేవాడు. ఇనుప సామాను అంగట్లో మేకుల ధర, పక్కన బెల్లం ధర, ఇంకో నూరడుగులకు తాళ్ల ధర. విని, తల ఊపి, రెండు నిమిషాలు నిలబడి, కొనకుండా కదిలిపోయేవాడు. కొనే ఉద్దేశం లేకుండా ధర అడగడమంటే ఎదుటివాడి కాలం దొంగిలించడమే అని నాకు చెప్పిన మనిషి ఈయనే. నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. ఏదో కొత్త వ్యాపారం ఆలోచిస్తున్నాడు, అన్ని సరుకుల ధరలూ మనసులో వేసుకుంటున్నాడు, నాకు చెప్పకుండా దాస్తున్నాడు అనుకున్నాను. ఆ తెలివికి మురిసిపోయి, నేనూ కొన్నాళ్లు మేకుల ధర, బెల్లం ధర అడిగి తిట్లు తిన్నాను.

వారానికి రెండు రోజులు ఆయన బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, మగ్గాల వీధిలో నూలు ఆర్డర్లు తీసుకొనేవాడు. బస్సు దిగి మగ్గాల దగ్గరికి చేరేలోపు దారిలో ఒక గాజుల అంగడి ఉంది. అక్కడ ఒకామె కూర్చొనేది, నలభై ఏళ్లు ఉండవచ్చు, భర్త పోయిన మనిషి, తాను గాజులు వేసుకోకుండా ఊరందరి చేతులకూ వేసేది. మా చిన్నాయన పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఆ అంగడి ముందు ఆగుతున్నాడని, ఇంట్లో ఆడదిక్కు లేని మనిషికి గాజుల ధరతో ఏం పని అని మగ్గాల వీధిలో నవ్వుకుంటున్నారని ఆదోని దాకా మాట వచ్చింది. నాకు సంతోషమే అయింది. ఆ మిద్దెగదికి ఒక మనిషి వస్తే బాగుండునని నాకు మాత్రం లేదా? ఒకసారి ఆయన వెంట పోయి, ఆయన మగ్గాల మధ్య ఉన్నప్పుడు నేనొక్కణ్ణే వెనక్కి వచ్చి, పెద్ద పెళ్లిళ్ల పేరయ్య లాగా ఆమెను కదిలించాను. ఆమె గాజులు దండకు ఎక్కిస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

“నా గాజులకు రాలేదప్పా ఆయప్ప. పిక్క పట్టుకుంటే అడుగు పడదు, ఈడొచ్చి నిలబడతాడు. నిలబడేదానికి సిగ్గయి ధర అడుగుతాడు. ఇంట్లో ఉండేవోనివి, నీకు తెలీదా?”

అప్పుడే చూశాను, అంగడి గడపలో గోడకు ఆనించి ఒక ముక్కాలిపీట ఉంది. కొనడానికి వచ్చిన ఆడవాళ్లెవరినీ దాని మీద ఆమె కూర్చోనివ్వడం లేదు.

ఇంటికి వచ్చి నిలదీస్తే చిన్నాయన ఒప్పుకున్నాడు. నడిస్తే పిక్క బిగుసుకొని రాయవుతుంది, నిలబడితే రెండు నిమిషాల్లో వదులుతుంది, మళ్లీ నూరడుగులకు అదే వరస. నరం పట్టిందన్నారు అందరూ. నరం పట్టుకుంటే నూనె రాసి పిసకాలి కదా, ఎనిమిది నెలలు పిసికాను. ఆ తర్వాత డాక్టరు మమ్మల్ని కోప్పడింది ఈ మాట మీదే. మన భాషలో నొప్పి తెలిపేదీ నరమే, నెత్తురు మోసేదీ నరమే, ముసలివాళ్ల చేతి మీద పచ్చగా ఉబ్బేదీ నరమే, అందుకే మీరు ఎనిమిది నెలలు తప్పు తలుపు తట్టారు అన్నాడు. గోరు తీసుకుంటూ బ్లేడు తగిలి బొటనవేలికి చిన్న గాటు పడి, అది మానక, వేలు నల్లబడి, రాత్రింబవళ్లు కాలు మంచం మీంచి కిందికి వేలాడదీసుకొని కూర్చుంటే తప్ప నొప్పి ఓర్చుకోలేని స్థితి వచ్చాక గాని మేము ఆయన దగ్గరికి పోలేదు.

డాక్టరు ముందు చిన్నాయన చేతి నాడి చూశాడు, తర్వాత గజ్జల్లో, తర్వాత మోకాలు మడిచి దాని వెనక, తర్వాత పాదం మీద, మడమ గుబ్బ వెనక. మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకొని ఒక్కోచోట చాలాసేపు విన్నాడు. మండీలో గుడ్డ కింద చేయి పెట్టినవాడి ముఖం ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. అప్పుడే నాకు ఆయన మీద గురి కుదిరింది, పోటీ కూడా కలిగింది. మా మందుల చీటీ వెనక బొమ్మ గీసి నాకు చెప్పాడు. మోకాలి వెనక నుంచి పెద్ద రక్తనాళం ఒకటి దిగుతుంది. మోకాలు దాటగానే అది చీలి మూడవుతుంది. ఒకటి ఎముకల సందులోంచి ముందువైపుకు వచ్చి, కాలి ముందు భాగమంతా దిగి పాదం మీదికి వస్తుంది, బొటనవేలు పైకెత్తితే తేలే తాడు పక్కన వేలు పెడితే కొట్టుకునేది అదే. రెండోది పిక్క లోతులోంచి దిగి లోపలి మడమ గుబ్బ వెనక తిరిగి అరికాలికి పోతుంది. మూడోది బయటివైపు సన్న ఎముక చాటున దిగి చీలమండ దగ్గర సన్నబడిపోతుంది, వేలికి దొరకదు. నాకు అర్థం కావాలని ఆయనే అన్నాడు, మోకాలి వెనక ఉన్నది టోకు అంగడి, కింద ఉన్నవి మూడు చిల్లర అంగళ్లు, మీ చిన్నాయనకు బీడీ పొగ రెండు అంగళ్లు మూయించింది అని. చిన్న వయసు మగవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇది వస్తుందట. మూడో అంగడి సరుకుతో కాలు ఊరికే ఉంటే బతుకుతుంది, కానీ పుండు మానాలంటే రెండింతలు నెత్తురు కావాలి, అది లేదు.

ఆ మాట తర్వాత ధర చెప్పాడు. మోకాలి కింద జానెడు వదిలి కోయాలి. అక్కడ నెత్తురు ఉంది కాబట్టి అక్కడ మానుతుంది. మోకాలు మిగిలితే కట్టెకాలు తగిలించుకొని నడవవచ్చు, ఎమ్మిగనూరు వీధిలో కూడా నడవవచ్చు. బీడీ మటుకు ఒక్కటి కూడా తాగకూడదు.

నేను వెంటనే మోకాలు కాదు, చీలమండ దగ్గర చూడండి అన్నాను. చెప్పిన ధరకు ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. ఆయనకు కోపం రాలేదు, రెండు రోజులు గడువిచ్చాడు. పాదం మీద, మడమ వెనక నాడి ఎక్కడ ఉండాలో నా వేళ్లు పట్టుకొని చూపించి, నువ్వే చూసుకో, దొరికితే వచ్చి చెప్పు అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. నీ వేలికొసలోనూ నాడి ఉంటుంది, గట్టిగా ఒత్తితే నీది నీకే తెలుస్తుంది, రెండో చేయి నీ మెడ మీద పెట్టుకొని చూడు, రెండూ కలిసి కొట్టుకుంటే అది నీదే. నేను లోపల నవ్వుకున్నాను. గుడ్డ కింద పెరిగిన వేళ్లకు పాఠం చెబుతున్నాడు అనుకున్నాను.

ఆస్పత్రి మెట్లు దిగుతూ చిన్నాయన నా భుజం మీద బరువంతా వేసి ఒకే మాట అన్నాడు.

“కట్టెకాలేసుకొని బండి బండికీ కుంటుకుంటా పోతే, జాలిపడి బేరమిస్తారు రా. అట్లా వద్దు నాకు.”

మరునాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే దుప్పటి కింద చేయి పెట్టి పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. డాక్టరు చూపిన చోట మూడు వేళ్లు ఆనించి, ఇంకొంచెం ఒత్తి, ఊపిరి బిగబట్టి విన్నాను. ఉంది! సన్నగా, కానీ వరసగా, తప్పకుండా కొట్టుకుంటోంది. డాక్టరుకు దొరకనిది నాకు దొరికింది. ఆ క్షణం నాకు కలిగిన గర్వం మళ్లీ ఏ బేరంలోనూ కలగలేదు. అప్పుడు ఆయన చెప్పింది గుర్తొచ్చి, ఊరికే ముచ్చట తీర్చుకోవడానికి ఎడమచేయి మెడ మీద పెట్టుకున్నాను. రెండూ కలిసి కొట్టుకుంటున్నాయి. కాకతాళీయం కావచ్చు అనుకున్నాను. మంచి వ్యాపారి అనుమానం ఉంచుకోడు కదా, లేచి మిద్దె మెట్లు దిగి, పరుగెత్తి ఎక్కి, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి, వగరుస్తూ వచ్చి పాదం మీద వేళ్లు పెట్టాను. మంచంలో కదలకుండా పడుకున్న మనిషి పాదంలో నాడి పరుగెడుతోంది. నేను మెట్లెక్కితే ఆయన కాలికి ఆయాసం వచ్చింది.

అట్లా ఎంతసేపు కూర్చున్నానో. చిన్నాయన కళ్లు తెరిచి చూస్తున్నాడు. నా వగర్పు చూసి ఏమనుకున్నాడో, నోటితో ఏమీ అడగలేదు. తలకింద పెట్టుకున్న తువ్వాలు లాగి నా చేతి మీద కప్పి, కింద తన చేయి పెట్టాడు. ఉందా, లేదా? ఆయన అరచేయి తెరుచుకొని ఎదురుచూస్తోంది. నేను పిడికిలి మూసి ఉంటే సరిపోయేది. మూయలేదు. ఆయన చూపుడువేలు పట్టుకొని నొక్కాను. ఉంది అని. ఆయన నా వేలిని కాసేపు అట్లాగే పట్టుకొని, వదిలేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండో రోజు డాక్టరు ఎదురుగా అరగంటసేపు నేను చేసింది పత్తి బేరమే. నాడి నాకు దొరికిందన్నాను. ఆయన చేతులు రుద్దుకొని వెచ్చబరుచుకొని మళ్లీ చూసి, లేదన్నాడు. మూడో అంగడి తెరిచే ఉందని మీరే అన్నారు కదా అన్నాను. మోకాలి నుంచి చీలమండకు దించాను, చీలమండ నుంచి సగం పాదానికి, అక్కడి నుంచి వేలికి. ఆయన అలిసిపోయాడు. ఆయన మాట ఒకటి ఉన్నదున్నట్టు గుర్తుంది.

“తగ్గించడానికి ఇది నా సరుకు కాదు నాయనా.”

రోగి తాను ఒప్పుకోనిది కోయడం ఏ డాక్టరు తరమూ కాదు. చిన్నాయన నా వైపు చూసి, వాడు చెప్పినట్టే కానీండి అన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేయించుకొని బొటనవేలు తీశారు. కోసిన చోట నెత్తురు రావలసినంత రాలేదని డాక్టరు నాతో ఒక్కడితోనే అన్నాడు.

బీడీల దగ్గర కూడా నా చాకచక్యం చూపించాను. డాక్టరు ఒక్కటీ వద్దంటే, చిన్నాయన సగం కట్ట అంటే, ఇద్దరికీ మధ్య నేను కూర్చొని రోజుకు నాలుగుకు కుదిర్చాను. అన్నం తిన్నాక రెండు, తినకముందు రెండు. నేనే తెచ్చి లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. ఎంత తగ్గించానో చూడండి అని డాక్టరుకు చెప్పుకున్నాను కూడా.

పద్దెనిమిది రోజులు బాగున్నాడు. మడమ మీద బరువు వేసి మంచం నుంచి కిటికీ దాకా నడిచి, మండీ వైపు చూసి, వచ్చేవారం పోదాం అనేవాడు. ఒక రోజు నాతో గడ్డం గీయించుకొని, ఎమ్మిగనూరు బస్సు ఎన్ని గంటలకు మార్చారో కనుక్కొని రమ్మన్నాడు. గాజులామె పీట తీసేసిందో ఏమో అని తనలో తానే నవ్వాడు. పందొమ్మిదో రోజు కట్టు విప్పితే పక్కవేళ్లు రెండూ నల్లగా ఉన్నాయి. ఆ తర్వాత పాదం. ఆ తర్వాత డాక్టరు మోకాలి వెనక వేళ్లు పెట్టి, కళ్లు మూసుకొని చాలాసేపు విని, టోకు అంగడి కూడా మూశారు అన్నాడు. ఈసారి ఆయన ధర చెప్పలేదు, నేను అడగలేదు. మోకాలి పైన, తొడ సగానికి తీశారు. మోకాలు లేని కాలికి మా ఊళ్లో ఆ రోజుల్లో కట్టెకాలు కట్టేవాడు లేడు.

మిద్దెకు పదహారు మెట్లు. ఆ తర్వాత ఆయన వాటిని దిగింది లేదు. మొదట్లో మండీ వాళ్లు వచ్చి పలకరించి పోయేవారు, ఫలానా బండి ఎంతకు పోయిందో చెప్పేవారు, నోటితోనే. ఒక్కరూ గుడ్డ కింద చేయి పెట్టలేదు. వాళ్ల తప్పేమీ లేదు, బేరం లేనప్పుడు గుడ్డ ఎందుకు కప్పుతారు? ఆర్నెల్లకు రాకపోకలు తగ్గాయి, ఏడాదికి ఆగిపోయాయి. నేను పొద్దున మండీకి పోయి చీకటి పడేవేళకు వస్తే, ఆయన కిటికీ దగ్గర అదే చోట, అదే వైపు తిరిగి ఉండేవాడు. పగలంతా ఎవరితోనూ మాట్లాడని మనిషి గొంతు సాయంత్రం మొదటి మాటకు బొంగురుగా వస్తుంది, మీకు తెలుసో లేదో. ఇప్పుడు నా గొంతు అట్లా వస్తోంది కాబట్టి నాకు తెలుసు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం, మండీకి సెలవు, ఇద్దరం ఊరికే కూర్చొని ఉన్నాము. ఆయన కిటికీ వైపే చూస్తూ అన్నాడు.

“రేయ్, ఆ పొద్దు నీ వేలు తప్పు నొక్కింది.”

తెలిసీ ఏంటికి ఒప్పుకుంటివి చిన్నాయనా అని మాత్రం అనగలిగాను.

“నాకూ ఆ ధరే కావాలనిపించినాది. నువ్వు చెప్పకపోయింటే ఇంగెవరు చెప్తారు అట్లా?” మళ్లీ తనే, “అయినా అట్లా నొక్కకూడదు రా, మండీలో” అన్నాడు.

అంతే. ఆ సాయంత్రం వంట ఏమిటన్నది ఎప్పటిలాగే గుడ్డ కింద అడిగాడు. నా చేయి పట్టుకోవడం మానలేదు. మానేసి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

మూడో ఏడు చలికాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ తర్వాత నూలు ఆర్డర్ల కోసం నేను ఎమ్మిగనూరు పోతే, గాజులామె నన్ను చూసి, ఆయప్ప నడుస్తాండాడా అని అడిగింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినంత చుట్టరికం ఆమెకు లేదు కదా. చెప్పాను. ఆమె దండలోంచి జారిన గాజొకటి ఏరి మళ్లీ ఎక్కించింది. ముక్కాలిపీట గడపలోనే ఉంది. నేను కూర్చోలేదు, ఆమె కూర్చోమనలేదు.

ఇప్పుడు మండీలో గుడ్డ కప్పేవారు లేరు. ధరలు కాగితాల మీద, తెరల మీద అందరికీ కనిపిస్తాయి, మంచిదే. కాలి నాడి కూడా యంత్రం గదంతా వినిపించేలా చెబుతోంది, ఎవరి వేలి నాడి ఎవరిదన్న పేచీ లేదు, అదీ మంచిదే. మూసుకుపోయిన నాళాన్ని తీగ పంపి తెరుస్తారట, డాక్టరమ్మ చెప్పింది. నేను తల ఊపి, చీటీ మడిచి జేబులో పెట్టుకొని, లేని గుమాస్తాను బయట వెతుకుతున్నట్టు కాసేపు అటూ ఇటూ చూసి ఇంటికొచ్చాను. ఆ రోజు ఒక పని చేశాను. తువ్వాలు తీసి నా కాలి మీద కప్పుకొని, కింద చేయి పెట్టి, పాదం మీద వేళ్లు ఆనించాను. కొట్టుకుంటోంది. ఈసారి వేలిదయినా కాలిదయినా నాదే. చెప్పడానికి ఎవరూ లేరు.

బేరం గొప్పదన్నాను కాబట్టి లెక్క కూడా చెప్పాలి. డాక్టరు అడిగింది మోకాలి కింద జానెడు వదిలి మిగిలిన కాలు. నేను కుదిర్చింది బొటనవేలు ఒకటి. మేము చెల్లించింది బొటనవేలు, పక్కవేళ్లు రెండు, పాదం, మోకాలు, సగం తొడ, రోజుకు నాలుగు చొప్పున నా చేత్తో ఇచ్చిన బీడీలు, ఎమ్మిగనూరు వీధి, ఆ వీధిలో ఒక పీట, రెండేళ్లకు పైగా ఒక కిటికీ. ఆయనకూ ఆ ధరే కావాలనిపించింది కదా అని సగం ఆయన పేరు మీద వేద్దామని చాలా ఏళ్లు చూశాను. పడదు. కొనేవాడి ఆశ దలాలికి సాకు కాదని నాకు నేర్పింది ఆయనే. ఇక మాకు దక్కింది పద్దెనిమిది రోజులు, మంచం నుంచి కిటికీ దాకా. దాన్ని లాభం అని చెప్పుకుందామని ఇప్పటికీ నోటి దాకా వస్తుంది. కానీ ఆ పద్దెనిమిది రోజులు ఆయన నడిచింది తన కాలి నాడి మీద కాదు, నా వేలి నాడి మీద.